జతకట్టని పన్నెండు

"ఒంటరివి ఎక్కడమ్మా?"

గురువారం మధ్యాహ్నం గైడ్ రాఘవేందర్ సార్ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అడిగిన మాట అది. అప్పటి నుంచి కల్పలతకు ఇంకేదీ సరిగా వినపడటం లేదు. చిలకలగూడలో ఆమె అద్దె గది స్టేషన్‌కు దగ్గర. రైళ్ళ ప్రకటనలు మూడు భాషల్లో కిటికీలోంచి వస్తూనే ఉంటాయి. ఇప్పుడు వాటి వెనక కూడా ఆ ప్రశ్నే.

జరిగింది ఇది. పోయిన చలికాలంలో ఆమె అల్వాల్‌లోని ఒక కబ్రస్తాన్ నుంచి ఒక మొక్క కొమ్మ తెచ్చి, కాలేజీ మేడ మీద గ్రీన్ నెట్ కింద కుండీలో నాటింది. సబ్జా గింజలిచ్చే రుద్రజడకూ, కంచెల పక్కన పెరిగే కుక్కతులసికీ ఎవరి ప్రమేయమూ లేకుండా పుట్టిన సంకరం అది. రుద్రజడ వైపు నుంచి ఇరవై నాలుగు, కుక్కతులసి వైపు నుంచి ముప్ఫై ఆరు, మొత్తం అరవై క్రోమోజోములు. పుప్పొడి తయారయ్యే ముందు కణంలో క్రోమోజోములు జతలు కట్టాలి. ఈ మొక్కలో ఇరవై నాలుగు జతలు కుదురుతాయి. పన్నెండు జత లేక ఒంటరిగా మిగిలిపోతాయి. అందరూ చెరోవైపు సర్దుకుని వెళ్ళిపోయాక కూడా అవి కణం మధ్యలో ఎటూ తేల్చుకోలేక నిలబడతాయి. అందుకే పుప్పొడి ముడుచుకుపోతుంది. మొక్క ఏడాది పొడుగునా పూస్తుంది, ఒక్క గింజ కట్టదు.

కల్పలత థీసిస్‌లో నాలుగో అధ్యాయం మొత్తం ఆ పన్నెండు గురించే. ఫోటోలున్నాయి. ఫిబ్రవరి నాటి స్లైడులు మాత్రం ఎండిపోయాయి. తాజాగా చూపించమని సార్ అడిగితే అదే కుండీలోంచి, అదే లేబుల్ ఉన్న మొక్క నుంచి మొగ్గలు తీసి స్లైడు చేసింది. అందులో ఇరవై నాలుగు జతలు పెళ్ళి ఫోటోకు నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉన్నాయి. మిగిలినవి లేవు. ఒక్కటి కూడా.

"సోమవారం సెమినార్‌కు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తున్నడు," అన్నారు సార్ మెల్లగా. "ఆయన ఫోటోలు చూడడు, మొక్క చూపించమంటడు. అధ్యాయం తీసేస్తే ఎవరూ ఏమీ అనరు. ఉంచి చూపించలేకపోతే మాత్రం, కల్పించిందంటరు. ఆలోచించుకో తల్లీ."

సార్ గొంతులో దయ ఉంది. ఆమెను భయపెట్టింది ఆ దయే.

మనిషి కణంలో నలభై ఎనిమిది క్రోమోజోములని ఒకాయన లెక్కపెడితే, ముప్ఫై ఏళ్ళ పాటు తరవాతివాళ్ళకు కూడా నలభై ఎనిమిదే కనపడ్డాయి. నలభై ఆరని తేలాక అవే పాత ఫోటోల్లో నలభై ఆరే ఉన్నాయి. కంటికి ఏం కావాలో కన్ను ముందే నిర్ణయించుకుంటుంది. తనూ అంతేనా? ఆ పన్నెండూ తనకు కావలసివచ్చి కనపడ్డాయా? ఈ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు నిలబడటం కష్టం. పక్కకు తప్పుకోవాలంటే ఇంకొకరు కావాలి. కల్పలతకు షహర్ బానో దొరికింది.

బానో ఆమె ల్యాబ్‌మేట్. మూడేళ్ళుగా ఒకే బెంచి. వేసవిలో కల్పలతకు కామెర్లు వచ్చి జనగామలో అక్క ఇంట్లో మంచాన పడి ఉంటే, గ్రీన్ నెట్ తాళం బానో దగ్గర ఉంది.

అంతే. అనుమానానికి ఆమాత్రం చాలు. అది కొత్త సాక్ష్యాల కోసం వెతకలేదు. పాత స్నేహాన్నే తీసి మొదటి నుంచి మళ్ళీ చదివింది. బానో ఫిబ్రవరిలో ఫోటోలు చూసి "మస్తుంది" అని ఊరుకున్న తీరు. మార్చిలో టిఫిన్ డబ్బా విడిగా తినడం మొదలుపెట్టిన రోజు. నవ్వులన్నీ ఇప్పుడు వేరేగా కనిపించాయి. శుక్రవారం రాత్రికల్లా కల్పలత దగ్గర ఒక పూర్తి కథ తయారైంది.

---

శనివారం పొద్దున వాన వెలిసింది. మొగ్గలు తీసేది ఎండ ఎక్కకముందే. కణాలు విడిపోయే వేళ అది, ఆలస్యమైతే ఏమీ కనపడవు. కాబట్టి ఆ వేళకు బానో మేడ మీదే ఉంటుందని కల్పలతకు తెలుసు. మెట్లు ఎక్కుతూ మొదటి వాక్యాన్ని రెండుసార్లు మార్చుకుంది.

బానో నెట్ కింద కుండీల మధ్య వంగి, నిలిచిన నీళ్ళు ఒంపేస్తోంది. దుపట్టా నడుముకు చుట్టుకుంది.

"ఏందే, ముఖం గట్ల పెట్టినవ్? మల్ల కామెర్లా?"

"వేసవిల ఈ తాళం నీ దగ్గరనే ఉండె గద?"

"ఉండె. నీళ్ళెవరు పోసిన్రనుకున్నవ్? జనగామ నుంచి నువ్వు పోసినవా?"

"ఇంకెవరికన్న ఇచ్చినవా?"

బానో నడుం ఎత్తి నిలబడింది. చేతికంటిన మట్టిని గోడకు తుడిచింది. "పోలీసోళ్ళ లెక్క చుట్టూ తిరుగుతున్నవ్. జెర సీదా అడుగు."

కల్పలత మెట్ల మీద తయారుచేసుకున్న వాక్యం రాలేదు. దాని బదులు ఇంకోటి వచ్చింది.

"ఆ మొక్కను మార్చింది నువ్వేనా?"

బానో నవ్వింది. ఎదుటి మనిషి కూడా నవ్వుతుందేమోనని కాస్త ఆగింది. నవ్వలేదని తెలిశాక తన నవ్వును ఆపేసింది.

"మారిస్తే నాకేమొస్తది?"

"మార్చి నుంచి నువ్వు నాతోని సరిగ మాట్లాడుత లేవు. అధ్యాయం డ్రాఫ్ట్ నీకు చదవనీకిచ్చినప్పటి సంది."

"అట్లనా. మరి దాంట్ల ఏం రాసినవో యాదుందా నీకు?" బానో ఎదురుగా వచ్చి నిలబడింది. "'అల్వాల్ సమీపంలోని పాడుబడిన ఒక స్థలంలో లభించినది.' పాడుబడిన స్థలం! మా నానీ కబర్ అది కల్పా. నీకు చూపెట్టింది నేను. నానీకి సబ్జా వాసన పానం. అందుకే మా అమ్మ గింజలు చల్లింది. అక్కడ కాపలా ఉండే వలీ చాచాకు ఆడోళ్ళు లోపలికొస్తే నచ్చదని నేను ఇన్నేండ్లు గేటు కాడ నిలబడే దువాకు చేతులెత్తుతున్న. నువ్వు కాలేజీ పని అని చెప్పి లోపలికి పోయినవ్, కొమ్మ కోసుకొచ్చినవ్, పాడుబడిన స్థలం అని రాసినవ్."

"చెప్తే మారుస్తుంటి గద..."

"ఏమని? దోస్తు అమ్మమ్మ సమాధి అని రాస్తుంటివా? ఎగ్జామినర్ ఏడుస్తుండెనా?"

కల్పలతకు ఒక్క క్షణం ఊరట కలిగింది. కారణం దొరికింది. బానోకు కోపం ఉంది, ఉందని తనే ఒప్పుకుంది. కథ నిజమే. ఆ ఊరటను ఆమె వెంటనే గుర్తుపట్టి అసహ్యించుకుంది.

"కోపముంది. లేదంటలేను," అంది బానో. "కోపముంటే నీ మూతి మీద చెప్త. నువ్వు మంచం మీద పడి ఉన్నప్పుడు నీ మొక్క దొంగతనం చేస్తనా? ఈ ల్యాబ్‌ల ఉన్నది ముగ్గురం. దొంగ అనంగనే నా పేరే ఎట్ల యాదికొచ్చింది నీకు?"

తాళం నీ దగ్గరుంది కాబట్టి. జవాబు నాలుక మీదే ఉంది. మరీ సిద్ధంగా ఉంది, ఎక్కడా అతుకు లేకుండా. అలాంటి జవాబుల కింద ఇంకేదో ఉంటుందని కల్పలతకు తెలుసు. తొంగి చూడాలంటే భయం వేసింది. మూడేళ్ళు ఒకే డబ్బాలో తిన్నా, బానో ఇంటికి ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించనవసరం లేకపోవడమే అసలు సంగతేమో.

బానో పక్కకు తిరిగింది. నేరుగా ఆ కుండీ దగ్గరకు పోయి గొంతుక్కూర్చుంది.

"దా. ఇటు రా. మొగ్గలు తెంపుడు కాదు, మొక్కను చూడు. ఒక్కసారన్న చూసినవా?"

చూడలేదు. కల్పలత వంగి నిలబడ్డాకే ఆ సంగతి తెలిసింది. రోజూ ఈ కుండీ దగ్గరకు వచ్చింది, లేబుల్ చదివింది, పూల వెన్ను చివర నుంచి మొగ్గలు గిల్లింది, వెళ్ళిపోయింది. మైక్రోస్కోపు కింద వెయ్యి రెట్లు పెంచి చూసిన దాన్ని ఉన్న సైజులో చూడలేదు.

బానో పూల వెన్ను అడుగున ఎండిన ఒక గుత్తిని తెంపి అరచేతిలో నలిపి ఊదింది. పొట్టు ఎగిరిపోయింది. అరచేతిలో నాలుగు నల్లటి గింజలు మిగిలాయి. నీళ్ళ బకెట్‌లో వేలు ముంచి వాటి మీద ఒక చుక్క వదిలింది. ఇద్దరూ వంగి చూశారు. గింజల చుట్టూ తెల్లటి పొర ఉబ్బడం మొదలైంది, కాసేపటికి అవి కప్ప గుడ్లలాగా మెరిశాయి.

"ఫలూదా ఎప్పుడన్న తాగినవా?" అంది బానో. "సబ్జా. పక్కా రుద్రజడ. పిల్లలు కాని మొక్కకు పిల్లలెట్ల పుట్టిన్రు?"

కల్పలత పక్క కుండీ వైపు చూసింది. అది రుద్రజడ. నిండా ఎండిన వెన్నులు, గాలి వస్తే ఈ కుండీ మీదికే వంగుతాయి. ఆమె మొక్క ఎప్పుడో పోయింది. ఖాళీ మట్టిలో పక్కదాని గింజ పడి మొలిచింది. లేబుల్ కుండీకి ఉంది, మొక్కకు కాదు. బానో పచ్చగా ఉందని నీళ్ళు పోసింది. తను వచ్చి లేబుల్ చదివింది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరికీ మొక్క కంటే లేబుల్ మీదే నమ్మకం ఎక్కువ.

"దొంగా లేడు, దొంగతనమూ లేదు," అంది బానో. "నా తప్పు సుత ఉంది. నేనూ చూడలే."

కల్పలత కుండీల మధ్య తడి సిమెంటు మీద కూర్చుండిపోయింది. సిగ్గు వేసింది, అది ఆమె ఊహించిందే. ఊహించనిది ఇంకోటి: ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది. రెండు రాత్రులు ఆ అనుమానం ఆమెకు తోడుగా ఉంది. ఇప్పుడు గదికి పోతే ఒక్కతే ఉండాలి.

"మాఫ్ చెయ్యి," అంది.

"చేస్త. ఇప్పుడే కాదు," అంది బానో. "ముందు చెప్పు. నీ మొక్క ఎండిపోయిందే అనుకుందం. ఎండిన పుల్ల ఏమైంది?"

ఆ మాట నిజమే. ఎండితే పుల్ల నిలబడి ఉంటుంది. కల్పలత చేత్తోనే మట్టి తవ్వింది. రుద్రజడ వేళ్ళ పక్కన, లోపలగా, బొటనవేలంత మోడు తగిలింది. సగం కుళ్ళింది. దాన్ని పైకి లాగి బకెట్‌లో కడిగింది.

విరిగిన మోడు కాదు అది. వాలుగా, ఒకే కోతలో, బ్లేడుతో కోసింది.

ఇద్దరికీ ఆ కోత తెలుసు. ల్యాబ్‌లో చేరిన కొత్తలోనే రాఘవేందర్ సార్ నేర్పిస్తారు. కత్తి వద్దు, బ్లేడు. రెండు కోతలు వద్దు, ఒకటే. గణుపు దగ్గర, వాలుగా. పారేసే కొమ్మను ఎవరూ అలా కోయరు. మళ్ళీ నాటుకోవడానికి కోస్తారు. గింజ కట్టని మొక్కను బతికించుకునే దారి అదొక్కటే, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊరు మొత్తంలో ముగ్గురు.

"నేను కొయ్యలే," అంది బానో.

"నేను సుత కొయ్యలే," అంది కల్పలత. అన్న తరవాత తన మాట తనకే వింతగా వినిపించింది. కామెర్లు ముదిరిన ఆ వారం ఆమెకు గుర్తు లేదు. కాలేజీకి ఎప్పుడు వచ్చిందో, ఎలా వెళ్ళిందో, ఎవరు ఆటో ఎక్కించారో. గుర్తులేని రోజుల్లో మనిషి ఏమైనా చేసి ఉండొచ్చు. బ్లేడు పట్టే తన బొటనవేలి వైపు చూసుకుంది. ఆ వేలు ఏమీ చెప్పలేదు.

"ఇంకొకాయన ఉన్నడు," అంది బానో.

"సార్‌కేం అవసరం?" అనేసింది కల్పలత.

"నన్ను అడిగేటప్పుడు అవసరముందా అని అడగలే నువ్వు."

రెండో తాళం సార్ దగ్గర ఉంటుంది, మొదటి నుంచీ. కానీ రెండు రాత్రులుగా కల్పలత తాళాలు లెక్కపెట్టినప్పుడల్లా ఒకటే వచ్చింది. సార్ తాళం ఆమె లెక్కలోకే రాలేదు, ఆయన కళ్ళద్దాల్లాగా అది కూడా ఆయన ఒంట్లో భాగమైనట్టు.

"లే," అంది బానో, దుపట్టా ముడి విప్పుకుంటూ. "తల్లి మొక్క మా నానీ కాడ ఉంది గద. నువ్వు కోసుకొచ్చింది ఒక కొమ్మనే. పోయి ఇంకోటి తెచ్చుకో. సోమవారానికి మొగ్గలు దొరుకుతయ్, నీ పన్నెండు నీకు దొరుకుతయ్."

రెండు రోజులుగా ఇది తోచలేదు. దొంగను వెతుకుతూ కల్పలత మొక్కను వెతకడం మరిచిపోయింది. లేచి, ల్యాబ్‌లోంచి ఆల్కహాల్, ఎసిటిక్ యాసిడ్ కలిపిన చిన్న సీసా తెచ్చి బ్యాగులో వేసుకుంది. తెంపిన మొగ్గలను ఉన్నపళంగా అందులో వేయాలి.

కింద బానో స్కూటీ స్టార్ట్ చేసి రెండో హెల్మెట్ ఆమెకిచ్చింది. "పెట్టుకో. నా మీద అనుమానమున్నోళ్ళను సుత మంచిగనే తీస్కపోత నేను."

---

స్కూటీ కార్ఖానా వీధులు దాటింది. తిరుమలగిరి సిగ్నల్ దగ్గర బానో తల తిప్పకుండానే, "వచ్చే నెల నా థీసిస్ మీద సార్ సంతకం కావాలె, తెలుసు గద," అంది. కల్పలత "తెలుసు" అంది. లోతుకుంట తరవాత రోడ్డు మీద నీళ్ళు నిలిచి ఉంటే బానో కాళ్ళు రెండూ పైకెత్తి నడిపింది.

కబ్రస్తాన్ గేటు తీసే ఉంది. వానకు కుంగిన ఒక కబర్ అంచున వలీ పారతో మట్టి ఎగదోస్తున్నాడు. అరవై దాటిన మనిషి, గళ్ళ లుంగీ, నెత్తిన టోపీ.

"సలాం చాచా," అంది బానో గేటు బయట నిలబడి.

"వాలేకుం అస్సలాం బేటీ. ఏందీ, జుమ్మా నిన్ననే ఆయె గద, ఇయ్యాల వచ్చినవ్?" కల్పలతను చూసి, "ఓ, కాలేజీ అమ్మా! రాండ్రి, రాండ్రి," అన్నాడు.

కల్పలత లోపలికి అడుగు వేసింది. రెండు అడుగులు వేశాక వెనక్కి చూసింది. బానో అలాగే గేటు పట్టుకుని నిలబడి ఉంది. తరవాత చెప్పులు విప్పి, తల మీద దుపట్టా సర్దుకుని, లోపలికి వచ్చింది.

"బేటీ..." అన్నాడు వలీ.

"ఇయ్యాల వస్త చాచా. మా నానీ ఏం అనదు."

వలీ పారను గోడకు ఆనించి వెనకే నడిచాడు.

నానీ కబర్ వేపచెట్టుకు అవతల, ప్రహరీ పక్కన ఉంది. దూరం నుంచే తెలిసిపోయింది. చలికాలంలో నడుం ఎత్తున గుబురుగా, ఊదా రంగు వెన్నులతో, తేనెటీగలు మూగి ఉన్న చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది. మట్టి చదునుగా ఉంది. మధ్యలో అంగడి నుంచి తెచ్చిన చిన్న గులాబీ మొక్క, ఇంకా నల్లటి ప్లాస్టిక్ కవరుతోనే పాతేసి ఉంది.

"చాచా, ఇక్కడ సబ్జా ఉండె గద?" అంది బానో.

"ఉండె. మీ సారు పీక్కపోయిండు గద బేటీ. రంజాన్ అయినంక వచ్చిండు. చెట్టుకు బీమారి తగిలింది, పక్కవాటికి అంటుతది, అమ్మలు పంపిన్రు అన్నడు. బదులు గీ గులాబీ పెట్టిండు. మంచిగ మాట్లాడుతడు పాపం."

"ఏ సారు?"

బానో ఫోన్ తీసింది. డిపార్ట్‌మెంట్ వీడ్కోలు రోజు తీసిన ఫోటో. కల్పలత చెయ్యి చాచి ఫోటోను పెద్దది చేసింది, ముందు ఎడమ వైపున్న వాళ్ళను చూపించింది. తరవాత వెనక వరస. మధ్యలో కుర్చీలో కూర్చున్న మనిషిని తను దాటేస్తోందని ఆమెకు తెలియలేదు. వలీ చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్ అందుకుని, తనే రెండు వేళ్ళతో ఫోటో మధ్యకు జరిపాడు.

"గీయనే."

రాఘవేందర్ సార్ ఫోటోలో దండ మెడలో వేసుకుని నవ్వుతున్నారు.

"నీకు ఆయన ముందే ఎరుకనా చాచా?" అంది బానో.

"ఎరుకెందుకు లేదు? ఆ చెట్టు నాటిందే ఆయన." వలీ వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఏదో తప్పు మాట్లాడానా అన్నట్టు గొంతు తగ్గించాడు. "వానలు పోయినంక, చలి ఇంక షురూ కాలే, అప్పుడు. కుండీల పట్టుకొచ్చిండు, గింత ఎత్తుండె. మీ అమ్మ చల్లిన సబ్జా ఎప్పుడో ఎండిపాయె బేటీ. 'ఈ కబరోళ్ళ పిల్ల నా స్టూడెంట్, చెప్పొద్దు, ఖుష్ అయితది' అన్నడు. నేను చెప్పలే. నీళ్ళు సుత పోసిన."

బానో కబర్ అంచున కూర్చుంది. చెయ్యి మట్టి మీద పెట్టింది. ఆమె నానీకి ఇష్టమైన వాసన అని ఇన్నాళ్ళూ అనుకున్నది వేరే ఎవరి కుండీలోంచో వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు ఏమీ మిగల్లేదు.

కల్పలత నిలబడే ఉంది. దసరా సెలవుల తరవాత సార్ ల్యాబ్‌లో టీ తాగుతూ అన్న మాట ఇప్పుడు మొత్తంగా గుర్తొచ్చింది: "కబ్రస్తాన్‌లు చూడమ్మా. వాళ్ళు సబ్జా నాటుతరు, గోడ పక్కన కుక్కతులసి ఉంటది. షహర్ బానోను అడుగు, అల్వాల్ల వాళ్ళది ఒకటి ఉంది." పాతికేళ్ళ కిందట ఆ రెండు మొక్కలూ బయట వాటంతటవే కలుస్తాయని ఆయన ఒక పేపర్ రాశారు. లెక్క తప్పని ఇంకెవరో జవాబు రాశారు. సార్ ఆ జవాబు గురించి ఎప్పుడూ మాట్లాడరు. మాట్లాడకపోవడాన్ని ఆమె పెద్దరికం అనుకుంది.

మారేడ్‌పల్లిలో సార్ ఇంటి మేడ మీద వరసగా కుండీలున్నాయి. రుద్రజడ పూల మీద కుక్కతులసి పుప్పొడి బ్రష్‌తో అద్ది, పైన కాగితం సంచీ కట్టే పద్ధతి ఆమెకు నేర్పింది ఆ మేడ మీదే. ఆ చేత్తోనే చేసి ఉంటారు. చేసి, తెచ్చి, ఇక్కడ పెట్టి, తన పాత పేపర్ నిజమని తేల్చడానికి ఆమెను పంపారు. ఆమె కనుక్కోలేదు. ఆమెకు దొరికేలా ఆయన ఉంచారు. మరి దీన్ని ఎందుకు పీకేశారు, కుండీలోదాన్ని ఎందుకు కోసుకుపోయారు? జవాబు కోసం వెతకనవసరం లేదు, అదీ గుర్తుంది. మార్చిలో తను సార్‌తో అంది, ఆకులను డీఎన్‌ఏ పరీక్షకు పంపుదామని, తల్లి ఏ రుద్రజడో తేలుతుందని. "చూద్దాం తల్లీ," అన్నారు. అదే గొంతు. అదే దయ.

ఆ పన్నెండు నిజం. అరవై నిజం. ఆమె కళ్ళు అబద్ధం చెప్పలేదు. మిగిలినదంతా అబద్ధం.

"కల్పా," అంది బానో.

ఆమె కబర్ తల వైపు రాయి వెనక చెయ్యి పెట్టి ఉంది. రాయికీ గోడకూ మధ్య సందులో, పాత మొక్క కొమ్మ ఒకటి ఎప్పుడో నేల మీదికి వాలి, మట్టి కప్పుకుని, వేళ్ళు వేసుకుంది. పీకినప్పుడు తెగిపోయి అక్కడే ఉండిపోయింది. జానెడు ఉంది. చివర ఊదా రంగు వెన్ను, దాని నిండా మొగ్గలు. అడుగున ఎండిన గుత్తులను బానో వేలితో నలిపింది. ఒకటి, ఇంకోటి, ఇంకోటి. అన్నీ ఖాళీ.

"ఇదే," అంది కల్పలత. 

బానో దాన్ని వేళ్ళతో, మట్టితో సహా జాగ్రత్తగా పైకి తీసి దుపట్టా కొంగులో పెట్టుకుంది. "సోమవారం ఇది బల్ల మీద పెడితే నువ్వు కల్పించలేదని తేలిపోతది. పరీక్షకు పంపితే ఇది ఎవరింట్ల పుట్టిందో సుత తేలుతది. అప్పుడు నీకు అధ్యాయం ఉండదు. సార్ ఉండడు. సార్ లేకుంటే నీ థీసిస్ ఎవరిదో, నా థీసిస్ ఎవరిదో. పెట్టకుంటే నువ్వొక్కదానివే అబద్ధాలకోరువు. నీ ఇష్టం. నేను చెప్పేదేం లేదు."

ఎండ గోడ దాటి వస్తోంది. మొగ్గలకు ఇంకాస్త సమయమే ఉంది. కల్పలత బ్యాగులోంచి సీసా తీసి మూత తిప్పింది. పుల్లటి ఘాటు వాసన వచ్చింది. బానో వెన్ను నుంచి సగం మొగ్గలు గిల్లి సీసాలో వేసింది. మొక్కను మాత్రం ఇవ్వలేదు.

"ఇటియ్యి," అంది కల్పలత.

"నీ గదిల ఎండ రాదు. ల్యాబ్‌ల పెడితే ఆయన చూస్తడు. ఇది సోమవారం దాక మా ఇంట్ల ఉంటది, మా అమ్మ కాడ." బానో లేచి నిలబడింది. కొంగులోని మొక్కను రెండు చేతులతో పట్టుకుంది. "నమ్మకముందా నా మీద?"

వచ్చే నెల సంతకం. తిరుమలగిరి సిగ్నల్ దగ్గర తల తిప్పకుండా అన్న మాట. అది ఎందుకు అంది?

"ఉంది," అంది కల్పలత.

కానీ ఆ మాట రావడానికి పట్టిన కాసేపటిని బానో చూసింది. గేటు వైపు నడిచింది, మొక్కతో.